రెండో అంగుళం నుంచి

టేపు మొదటి అంగుళం
అరిగిపోయింది ఎప్పుడో.
కొన మీది రేకు ఊడి, అంకె చెరిగి,
వేలికి మెత్తగ తాకుతది పాత నోటు లెక్క.
రెండు కాడ పట్టుకోని కొలుస్త,
వచ్చినదాంట్లకెళ్ళి ఒకటి తీసేస్త.
కొత్తది రెండు వందల బైసలే.
కొనలే.

సూర్‌ల, పడవలు చెక్కే వాడకు ఎనుక గల్లీల
ఈ దుకాణం వచ్చే ఒకటో తారీఖు నుంచి నాది కాదు.
నిజానికి ఎప్పుడూ కాదు.
బోర్డు మీది పేరు కఫీల్‌ది.

కొలతల బుక్కులు పదహారు
అటక మీదికెళ్ళి దింపిన, పారేద్దామనే.
ఉప్పుగాలికి అట్టలు ఉబ్బినయి.

ఖమీస్, ఓడ నడిపేటోడు: నిలువు అరవై, మెడ పదహారున్నర.
సముద్రంల పోయిండు.
ఆయన దిష్‌డాషా ఇస్త్రీ చేసి
రెండేండ్లు కొక్కేనికే ఉంచిన.
సాలెం, ఆయన పిల్లగాడు: ఇరవై ఆరు.
నాలుగు పేజీలు తిప్పితే ముప్పై మూడు.
ఇంకో బుక్కుల యాభై ఎనిమిది,
పక్కన పెన్సిలుతోని రాసుకున్న, మీసం వచ్చిందని.
ఎందుకు రాసుకున్ననో.

మమత పేరు ఏ బుక్కుల లేదు.
నా బిడ్డ గౌన్లన్ని ఫోన్ల మాట మీద కుట్టినయే.
"గొళ్ళెం అందుతుందా దానికి?"
"మునివేళ్ళ మీద లేస్తే అందుతది."
గొళ్ళెం ఎంత ఎత్తుల ఉంటదో
యాదికి తెచ్చుకోని బట్ట కోసేది.
ఒకసారి పొట్టి. ఒకసారి నేల ఊడుస్తది.
పెండ్లికి రవిక కుట్టి పంపుత అంటే
వద్దు బాపూ, ఈడ మంచి టైలరున్నడు అన్నది.
మేరోని బిడ్డ నోట ఆ మాట.
తప్పేం లేదు. ఆయన చూసి కొలుస్తడు.

తొంభై ఆరుల దాద్‌బక్ష్ కూసున్నడు
ఈ స్టూలు మీదనే.
బలూచి. మెడ కాడ వేలాడే దారం కుచ్చు,
అత్తర్ల ముంచుకునేది,
ఆయన అల్లితే వాసన వారం నిలుస్తదనేటోళ్ళు.
"సలాలాల జాగ చూసిన. కోట్లు కుడదాం.
కత్తెర నీది, సూది నాది, సగం సగం."
కోటు కట్టింగు నాకు వచ్చు.
మెట్‌పల్లిల మా మేనమామ కాడ
బొగ్గు ఇస్త్రీ ఊదుకుంట నేర్చిన విద్య.
ఎనిమిది రోజులు టైమడిగిన.
ఎనిమిది రోజులు సిగరెట్ పెట్టె మీద
కిరాయిలు, కరెంటు లెక్కగట్టిన.
తొమ్మిదో నాడు ఆయన బస్సెక్కిండు.
చెయ్యి ఊపిండా, అద్దం జరుపుకున్నడా,
ఇప్పటికీ తెలువదు.

భయమైందా అంటే, కాలే.
ఈద్ పని మీద పడ్డది, నూటా నలభై జతలు.
గంతే.
ఆ ఈద్ అయినంక ఇంకో ఈద్.

ఆ ఏడే కొన్న ఊలు బట్ట, బూడిద రంగు, మూడు మీటర్లు,
నా కోటు కోసం.
ఈ ఎండల కోటెవడు తొడుగుతడు?
అయినా కొన్న.
కలరా ఉండల నడుమ పెట్టెల ఉన్నది.

పొద్దున మొఫిజుల్ వచ్చిండు,
దుకాణం తీసుకునే బంగ్లా పిల్లగాడు.
"చాచా, జర సీదా నిలబడు."
కొత్త టేపు, చల్లగ, మెడ సుట్టూ.
ముప్పై నాలుగేండ్లల నన్ను కొలిచింది వాడొక్కడే.
ఛాతీ ముప్పై ఆరు.
కుడి భుజం ముప్పావు అంగుళం కిందికి.
"గది కత్తెర బరువు" అన్న.
ఆఖరి బుక్కుల ఆఖరి పేజీల
పేరు కాడ 'ఉస్తాద్' అని రాసిండు.
అసలు పేరు వాడు అడగలే, నేను చెప్పలే.

బట్ట విప్పితే మడతల పొంటి పురుగు చిల్లులు.
దీపానికి పట్టి చూసిండు వాడు, నెత్తి గోక్కున్నడు.
"కోటు రాదు చాచా. చేతుల్లేనిది ఎల్లుతది."
ఎల్లనీ అన్న.

వాడు సుద్దతోని గీతలు గీస్తుంటే
నమ్మకం లేక నా పాత టేపు తీసిన.
రెండు కాడ పట్టుకోని
మళ్ళొకసారి కొలిచిన.

ఒకటి తీసేసుడు మరిచిన.